ప్వెబ్లాలో నా బ్యాగు

ప్వెబ్లా, మెక్సికో

అత్తయ్యగారికి,

ఇక్కడి ఇంటర్నెట్ నిపుణుల కాన్ఫరెన్సులో నా ప్రసంగం బాగా జరిగింది. కంగారు పడతారని ఈ మాట ముందే రాస్తున్నాను.

నిన్న ఈ పాత ఊరంతా తిరిగి, పెద్ద చర్చి ముందు ఆరుబయట వేసిన బల్లల దగ్గర ఆగాను. మన సింగపూర్‌లో, క్లెమెంటి హాకర్ సెంటర్లో తిండి కొట్ల దగ్గర చేసినట్టే, అలవాటుగా బ్యాగు బల్లమీద పెట్టి సీటు నాదని చోప్ చేసి, తినడానికేదో కొనుక్కోవడానికి వెళ్ళాను. అక్కడైతే దాన్నెవరూ ముట్టుకోరు కదా. తిరిగొచ్చేసరికి బ్యాగు లేదు! పాస్‌పోర్టు అందులోనే ఉంది. బల్లల మధ్య పరుగెత్తి వెతికాను.

చూస్తే, మొక్కజొన్న పొత్తులమ్మే ముసలావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, దొంగలెత్తుకుపోతారని. ఇచ్చేముందు ఎంత తిట్టిందో! ఒక్క ముక్క అర్థం కాలేదుగానీ, ఆ తిట్టే తీరు అచ్చం మీదే. ప్రాణం లేచొచ్చింది.

ఈసారి హాకర్ సెంటర్లో మీరు బ్యాగుల దగ్గర కాపలా కూర్చుంటే మీ అబ్బాయి ఎప్పటిలాగే నవ్వుతారు. నవ్వనివ్వండి. నేనూ మీ పక్కనే కూర్చుంటాను. దోసెలు ఆయన్నే తెమ్మందాం.

మీ కోడలు