సబ్బునీళ్ల బుడగలు

శనివారం రాత్రి, ప్రొద్దుటూరు

స్నానం చేసినా ఒంటికి పట్టిన పొగ వాసన పోలేదు.

నా పాత కారు పొల్యూషన్ పరీక్షలో మొదటిసారి తప్పినప్పుడే, తప్పంతా జమ్మలమడుగు రోడ్డు బంకు వాళ్ల కల్తీ పెట్రోలుదేనని తేల్చేశాను. కరపత్రం రాసి అచ్చు వేయించి, నిన్న సగం పంచాను. బంకులో పెట్రోలు పోసే డేవిడన్న చేతిలోనూ ఒకటి పెట్టి, నువ్వూ దొంగవేనని అందరి ముందూ అరిచాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పులివెందులలో వేరే పెట్రోలు నింపినా ఈరోజు కారు మళ్లీ తప్పింది. మెకానిక్ ఖాజా మామ పొగగొట్టం చివర గుడ్డ కుక్కి, ఇంజను ఆన్ చేయించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాడు.

"ఈడ చూడప్పా, బుడగలొస్తాండాయి. బండి నడిచేటప్పుడు ఈ సందులో బయటి గాలి దూరి, పెట్రోలు చాల్లేదని గొట్టంలోని సెన్సరు మోసపోతాది. ఇంజను ఇంకా తాగుతాది. పొగ రాక ఏమొస్తాది? ఈ వెల్డింగు ఎవురు చేసినారు?"

స్పీడు కోసం పెద్ద పొగగొట్టం తెచ్చి అతికించింది నేనే. చెప్పాను.

మామ నవ్వాడు. "ఇంగ కరపత్రం ఎవురి మీద ఏస్తావు?"

సందు పూడ్చాక కారు పరీక్ష నెగ్గింది. సంతోషం మాత్రం రాలేదు. ఉద్యమాల గురించి చదివిన చిన్న పుస్తకాలన్నీ ముందు నిజం కనుక్కోమనే చెప్పాయి. నాకు కోపమే ముందొస్తుంది.

మిగిలిన కరపత్రాలు కాల్చేయొచ్చు. డేవిడన్న జేబులోది...

పొద్దున బంకుకు పోవాలి. ట్యాంకు నిండుగా ఉంది, పెట్రోలు కోసం వచ్చానని చెప్పే వీలు కూడా లేదు.