భూలక్ష్మి పేరు రాసిన కాగితం

అక్కకి ప్రభువు నామంలో వందనాలు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? ఇన్నాళ్లూ ఫోనుతో సరిపెట్టేను. కానీ నువ్వు స్పీకరు పెట్టి మాట్లాడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. ఇది నీకొక్కదానికే చెప్పాలని కలం పట్టేను.

నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. అంగన్‌వాడీల సూపర్‌వైజరునై ఈ సముద్రం పక్క ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. బోరు నీళ్లు ఉప్పు, వండిన అన్నమూ ఉప్పే. ఒంటిమీద చెమట ఆరదు. ఆదివారం చర్చిలో వెనకాల ఒక్కదాన్నే కూర్చుంటాను. అయినా బాగానే ఉన్నాను.

ఇక్కడి అంగన్‌వాడీ టీచరు భూలక్ష్మి నాకు రోజూ బిందెడు మంచినీళ్లు తెచ్చి పెడుతుంది. వాళ్లత్తగారు మంచాన పడ్డారు. పిల్లల భోజనాలయ్యాక గంట ముందే వెళ్లనా అండీ అని అడిగితే, "వెళ్లమ్మా, నేను చూసుకుంటాను" అన్నాను. నోటిమాటే.

కిందటి నెల సూపర్‌వైజర్లందరికీ అమలాపురంలో ఐదు రోజులు మేనేజ్‌మెంటు ట్రైనింగు. తప్పకుండా రావాలన్నారు. ఆఖరి రోజు, మీ సిబ్బందితో వచ్చిన సమస్య ఒకటి, మీరేం చేసేరో రాయమన్నారు. పక్కావిడ ఏదో పేరు కల్పించి, "ఉత్తుత్తి రాతకి నిజం పేరెందుకండీ?" అని నవ్వింది. నేను భూలక్ష్మి గంట ముందే వెళ్లడం గురించి, సంఘంలో సాక్ష్యం చెప్పినట్టు పేరూ ఊరూ నిజమే రాసేను. ఒక్కటి తప్ప. కాగితం లేకుండా అనుమతివ్వడం సూపర్‌వైజరు తప్పని ఆ పొద్దున్నే చెప్పేరు. అందుకని "రెండుసార్లు హెచ్చరించాను" అని రాసేను.

చదివి చప్పట్లు కొట్టించేరు. ఆ కాగితం మా ఆఫీసుకి వెళ్లింది. భూలక్ష్మిని సంజాయిషీ అడిగేరు. పోయిన సోమవారం ఉద్యోగంలోంచి తీసేసేరు. నేను ఆఫీసుకి పరుగున వెళ్లి, వెళ్లమన్నది నేనేనండీ అన్నాను. మా పైఅధికారి మేడంగారు ఆ కాగితం ముందు పెట్టి, "సంతకం మీదేనాండీ?" అన్నారు.

"ఆయ్, నాదేనండీ."

"మరింకేంటండీ!" అని ఫైలు మూసేసేరు.

నిన్న కూడా నీళ్లు తెచ్చింది అక్కా. "పైవాళ్లు చేసినదానికి మీరేం చేస్తారండీ. మీరు వెళ్లమన్నారని సంజాయిషీలో ఎక్కడా రాయలేదండీ, మీకు మాటొస్తుందని" అంది. ఆ కాగితం నాదేనని చెప్పకుండానే బిందె అందుకున్నాను. మోకరిస్తే ప్రార్థన రావడం లేదు. ఆ బిందె అలాగే ఉంది. తాగలేను, పారబోయలేను.

బావగారికీ వాళ్లమ్మగారికీ నా వందనాలు. కారణం ఎవరికీ చెప్పకుండా నాకోసం ప్రార్థన చెయ్యి. ఈసారి ఏదీ విడవకుండా రాసేను. ఈ కాగితాలు చింపకు, దాచు. ఎవరికీ చూపించకు, పాస్టరు గారికైనా సరే.

నీ చెల్లెలు
కరుణమ్మ