కంకణం కట్టుకుని మందు మానేశాను

జూన్ 12
ఉంగరం కోయించాను. వేలు వాచిపోయి నీలంగా అయితే క్లినిక్‌లో నర్సే కత్తిరించింది. మోకాళ్ళు సరేసరి. బరువు తొంభై నాలుగు. దిగులుకి ఈ మందు మొదలుపెట్టిన ఏడాదిలో పదహారు కిలోలు.

డాక్టరమ్మ కాగితం మీద గుండ్రంగా గీసి చూపించింది. ఒళ్ళు పెరిగితే రక్తంలో వాపు పెరుగుతుందట, ఆ వాపు మెదడుకీ తగులుతుందట, మనసు కుంగితే చెయ్యి మళ్ళీ తిండి మీదికే పోతుందట. ఏది ముందో ఆవిడకీ తెలీదు. కాప్స్యూల్ మాత్రం ఒక్కసారిగా మానొద్దు, మెల్లగా వేరేదానికి మారుద్దాం అంది. తల ఊపాను. ఈ ఒంటిని మోసేది ఆవిడ కాదుగా.

జూన్ 14
స్టాఫ్‌రూమ్‌లో నా కుర్చీ మార్చారు. చేతుల్లేని కుర్చీ. 

జూన్ 15
సింగటోకా నుంచి చెల్లెలు సరళ ఫోన్. దానికీ ఇదే మందు, ఇదే ఒళ్ళు. "బస్సులో నా పక్కన ఎవడూ కూచోడు అక్కా, సీటంతా నాదే." నవ్వింది, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేసి ఆరు రోటీలు నిలబడే తిన్నాను.

జూన్ 19
ఈ ఏడు గుడిలో నిప్పులు తొక్కుతానని మొక్కుకున్నాను. మా ఆయన "కాహే?" అన్నాడు, ఎందుకని. మనసు బాగుపడాలని చెప్పాను. సన్నబడాలని అమ్మవారిని అడిగాననడానికి సిగ్గేసింది.

ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జూన్ 24
కంకణం కట్టారు. పసుపు చీర. పది రోజులు గుడిలోనే పడక, ఒంటిపూట, మాంసం మాటే లేదు. వంటశాల పెద్ద కమలమ్మ నా సంచిలో మందు సీసా చూసింది. "ఈ గోలీ తొక్క గొడ్డు ఎముకతో చేసేదమ్మా. కంకణం మీద తినేది లేదు."

డాక్టరమ్మకు ఫోన్ చేసి అడగొచ్చు. చెయ్యలేదు. నిజం రాయాలంటే... సాకు దొరికిందని సంతోషించాను.

జూన్ 25
సాయంత్రం ఆయన గుడి గేటు దగ్గర. మందు వేసుకున్నావా అని, "దవాయి ఖాయా?" "హా" అన్నాను. పోయినేడు బా నది వంతెన మీద నిలబడిపోయిన నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చిన మనిషి. ఆయనతో అబద్ధం.

జూన్ 28
ఆకలి లేదు. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు. వేళ్ళు సన్నబడ్డాయి. రోజూ చూసుకుంటున్నాను.

జూన్ 30
భజనలో ఏడుపు వచ్చింది. ఆగలేదు. అమ్మ పూనిందని ఆడవాళ్ళు నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. అమ్మ కాదు. ఈ ఏడుపు నాకు తెలుసు. వంతెన దగ్గరికి వెళ్ళడానికి ముందు వారమంతా ఇదే.

జూలై 3
తొక్కాను. కాళ్ళు కాలలేదు. భయం లేదు, భక్తి లేదు, ఏమీ లేదు — లోపల ఎవరూ లేనట్టు. అది గుర్తుపట్టాక భయమేసింది.

సరళ వచ్చింది. నా చుట్టూ తిరిగి చూసింది. "ఎంత పాతర్, ఎంత సన్నగా అయిపోయినావక్కా. మందు తింటా ఉండావా?" నాకంటే ముందు కమలమ్మ అందుకుంది. "పది దినాలు ముట్టలేదు. అమ్మే చూసుకునింది." జనం వరసగా వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెడుతున్నారు. నేను నోరు తెరవలేదు.

జూలై 5
ఇల్లు. ఎనభై ఎనిమిది కిలోలు. మంచం దిగలేదు. స్కూలుకి ఆయనే ఫోన్ చేశాడు.

జూలై 6
స్నానం లేదు. ఆ వంతెనే కళ్ళ ముందు.

జూలై 8
ఆయనకు చెప్పేశాను, మొత్తం. అరుస్తాడనుకున్నాను. మంచం చివర కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడు, చాలాసేపు. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముందు పాత మందే మళ్ళీ మొదలు, మార్చడం తర్వాత. కుదుటపడటానికి వారాలు పడుతుందట. తగ్గిన కిలోలు తిరిగొస్తాయి. రానీ.

జూలై 10
సరళ ఫోన్. గొంతు గలగలమంటోంది. "వారం అయింది అక్కా, నేనూ బంద్ చేసినా. వచ్చే ఏడు నేనూ తొక్కుతా."

వద్దన్నాను. ఈ రోజే వేసుకోమన్నాను. ఏడుస్తూ అంతా చెప్పాను — నిప్పుల మీద నాకేమీ అనిపించలేదని, వంతెన మళ్ళీ గుర్తొచ్చిందని.  "నువ్వు చిన్నగా అయిపోతివి. నేను ఇట్లనే ఉండాల్నా?" పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఆయన సింగటోకాకి బస్సుల టైం కనుక్కుంటున్నాడు. లౌటోకాలో ఒకటి మారాలి, నాందీలో ఇంకొకటి. వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఏం చెప్పినా అది వినదు, నన్ను చూస్తుంది. ఇంకా సన్నగానే ఉన్నాను.