డ్రైవర్‌తో మాట్లాడరాదు

షాద్‌నగర్,
13 జూన్ 2011

మహారాజశ్రీ ఇనాయత్ భాయ్ గారి నూనె మరకల సముఖానికి, వీరేందర్ నమస్కరించి రాసుకొను విన్నపం.

"కంప్లైంట్ కాగితం మీద రాసి ఇయ్యవలెను, నోటి మాట చెల్లదు" అని మీ శంషాబాద్ షెడ్డు గోడ మీదున్న బోర్డు చూసి ముచ్చటపడ్డాను. ఎయిర్‌పోర్టు కార్గో ఆఫీసులో నా డ్యూటీ పొద్దున ఏడుకు. మీరు షెడ్డు తెరిచేది తొమ్మిదికి. నేను తిరిగొచ్చే వేళకు మీరు నమాజుకు పోయి ఉంటారు. కనుక మన సంబంధమంతా వైపర్ కింద కాగితాలతోనే నడవాలని రాసిపెట్టి ఉంది.

రోగి పేరు: మా బాపు మొగులయ్య గారి తెల్ల కారు. వయసు పదిహేనేండ్లు. బాపు ముప్పై ఒక్క ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపి ఒక్క కోడిని కూడా గుద్దని మనిషి. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ ముట్టొద్దని డాక్టర్ అనడంతో, మూడు నెలల లైసెన్సు గల నా చేతికి బండి వచ్చింది.

రోగ లక్షణాలు: స్టీరింగ్ వదిలితే ఎడమకు గుంజుతుంది. గుంతలో పడితే ముందు చక్రం దగ్గర కటకట. స్పీడ్ బ్రేకర్ దాటాక, ఏదో ఒప్పుకుంటున్నట్టు మూడుసార్లు తలూపుతుంది.

బాపు రోజూ నా పక్కన కూర్చుని ఎయిర్‌పోర్టు దాకా వచ్చి, బస్సులో ఇంటికి పోతాడు. విమానాలు చూడాలని సరదా అట. నెత్తి మీద నుంచి విమానం పోయినా తలెత్తడు, అది వేరే సంగతి.

ఇట్లు,
తమ రోగి తాలూకు,
వీరేందర్

తా.క.: దారి పొడుగునా బాపు "మెల్లగ రా, లారీ ఉంది రా, ముందటోడు లైటేసిండు రా" అని ఒకటే కామెంటరీ. బస్సుల్లో ఉంటుందే, "డ్రైవర్‌తో మాట్లాడరాదు" అని, ఆ స్టిక్కర్ తెచ్చి డ్యాష్‌బోర్డు మీద అంటించాను. బాపు నవ్వలేదు గానీ, ఆ రోజు నుంచి నోరు మెదపలేదు. స్టిక్కర్‌కు ఇంత శక్తి ఉందని తెలిస్తే ఇంట్లో కూడా నాలుగు అంటించేవాణ్ని.


శంషాబాద్,
14 జూన్

వీరేందర్ తమ్మికి ఇనాయత్ సలాం.

నీ తెలుగు జర బరువున్నది గని రోగమైతే సమజైంది. చక్రం జాకీ మీద లేపి కుడి ఎడమ పట్టి ఊపిన, ఆడింది. అంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ అరిగింది. మీద కింద పట్టి ఊపిన, ఆడలే. అంటే చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్ మంచిగున్నది. కటకట అరిగిన రబ్బరు బుష్‌లది. బానెట్ మూల నొక్కి ఇడిస్తే ఒక్కసారి లేచి ఆగాలె. నీ బండి ఊయల లెక్క ఊగింది. షాకబ్జర్లు ఖతం. అన్ని మార్చి అలైన్‌మెంట్ చేసిన. ఇగ సీదా పోతది.

మీ బాపు నిన్న పొద్దంత నా కాడనే కూసున్నడు. మంచి మనిషి.

ఇనాయత్

తా.క.: ఎడమ సీటు కాడ కాళ్లకు ఇంజన్ వేడి తాకుతుందని మీ బాపు అంటే గోనెపట్టా మడత పెట్టి ఏసిన. అది తియ్యకు.


షాద్‌నగర్,
2 జులై

వైద్య శిఖామణి ఇనాయత్ భాయ్ గారికి,

తమ హస్తవాసి వల్ల స్టీరింగ్ గీత గీసినట్టు పోతోంది. కటకట మాయం. అయితే పాత రోగం పోతూ పోతూ కొత్త రోగానికి ఇల్లు కిరాయికి ఇచ్చి పోయింది. బ్రేకు దానంతటదే పడుతోంది!

సోమవారం పాలమాకుల దగ్గర ఇసుక లారీ వెనక పోతున్నాను. లారీకి బ్రేక్ లైటు వెలిగింది. నేను కాలు పెట్టేలోపే పెడల్ దానంతటదే కిందికి పోయింది. బుధవారం బర్రెలు అడ్డమొస్తే మళ్ళీ అంతే. నిన్న ఫోన్‌లో మెసేజ్ చూస్తుంటే, ఎదురుగా ఏమీ లేకుండానే, బండి గంగిరెద్దులా నిలబడిపోయింది. వెనక ఆటోవాడు దిగొచ్చి మా వంశం గురించి కొన్ని కొత్త విషయాలు చెప్పాడు.

స్టీరింగ్ బాగుచేస్తూ బ్రేకులో ఏం కదిలించారో దయచేసి సెలవియ్యండి.

ఇట్లు,
ఆగకూడని చోట ఆగిన,
వీరేందర్

తా.క.: బాపును అడిగితే డ్యాష్‌బోర్డు మీది స్టిక్కర్ చూపించాడు. కాళ్ల దగ్గర సంచి సర్దుకుని మళ్ళీ రోడ్డు వైపు చూశాడు.


శంషాబాద్,
4 జులై

తమ్మీ, సలాం.

నాలుగు చక్రాలు ఇప్పి చూసిన. బ్రేకు ప్యాడ్లు మంచిగున్నయ్, ఎక్కడ జామ్ కాలే. బ్రేకు నూనె ఉండే మాస్టర్ సిలిండర్‌ల లీకు లేదు. బండిల ఏం రోగం లేదని నా దిల్ చెప్తున్నది.

ఒక పరీక్ష చెయ్యి. రావిర్యాల దిక్కు ఖాళీ రోడ్డు ఉంటది గదా. ఆడ నలభై మీద నడుపు. ముందు బండికి మూడు బండ్లంత జాగ ఇడువు. ఫోన్ జేబుల పెట్టు. అప్పుడు బ్రేకు అదే పడుతదో లేదో చూసి రాయి.

ఇనాయత్

తా.క.: పరీక్షకు బాపును తీస్కపో. బరువు సమానం ఉండాలె.


షాద్‌నగర్,
11 జులై

ఇనాయత్ భాయ్ గారికి, వీరేందర్ నివేదిక.

పరీక్ష జరిగింది. నలభై మీద: రోగం లేదు. అరవై మీద: లేదు. ఎనభై మీద, మలుపు ముందు: బండి రోడ్డుకు సాష్టాంగపడింది, నా ముక్కు స్టీరింగ్‌కు మొక్కింది. అంటే మీ వైద్యం ప్రకారం, మెల్లగా పోతే మంచిది! భాయ్, ఈ సలహా ఇయ్యడానికి స్పానర్లు ఎందుకు? మా బాపు ఉత్తగనే ఇచ్చేవాడు.

ఒక బండిని పాడుచేసి, పైగా నీతులు చెప్పే మెకానిక్కును నేనింతవరకు చూడలేదు. ఈ మాట ఎయిర్‌పోర్టు స్టాండులో క్యాబ్ డ్రైవర్ కొండల్‌కు చెప్పాను. కొండల్‌కు చెబితే మైకులో చెప్పినట్టే అని మీకు తెలుసు.

ఇట్లు,
వీరేందర్

తా.క.: నిన్న తమాషాకు బాపుతో, "ఎడమ పక్క నీ బరువు పడబట్టే బండి పాడైతుంది, రేపటి నుంచి బస్సులో పో" అన్నాను. బాపు సంచి తీసుకుని దిగిపోయాడు. పొద్దున చూస్తే నిజంగానే బస్టాండుకు పోయి ఉన్నాడు. జోకుకు నవ్వాలి గానీ దాన్ని అమలు చేస్తారా ఎవరైనా?


శంషాబాద్,
12 జులై

తమ్మీ,

బాపు లేకుండ బండి తియ్యకు. గొడవలు తర్వాత. ముందు బాపును పక్కన కూసోబెట్టుకొని బండి నా కాడికి తీసుకురా, లేకుంటె నేనే వస్త. నీకు దండం పెడుత.

ఇనాయత్

తా.క.: ఈ కాగితం కొండల్ చేతికే ఇచ్చి పంపుతున్న. నా మీద నవ్వుకుంటనే తీసుకున్నడు.


షాద్‌నగర్,
16 జులై

ఇనాయత్ గారికి,

కొండల్ మీ కాగితం ఇచ్చాడు. చదివి నవ్వుకుని జేబులో పెట్టుకున్నాను. అది పదమూడో తారీకు. పద్నాలుగున పాలమాకుల దగ్గర, రోడ్డు పక్క మక్కకంకులు కాల్చే చంద్రమ్మ బండిని గుద్దాను.

ముందు బస్సు ఆగింది. నేనూ ఆగుతాననుకున్నాను. నిజం చెప్తున్నాను భాయ్, కాలు పెట్టాలని నాకు తోచలేదు. రోజూ పడే బ్రేకు ఆ రోజూ పడుతుందని కూర్చున్నాను. పడలేదు. ఆఖరుకు స్టీరింగ్ తిప్పాను. బొగ్గుల పొయ్యి చంద్రమ్మ చేతి మీద పడింది.

"నీ కండ్లు ఇంట్ల పెట్టొచ్చినవా కొడకా! బ్రేకు లేదా నీ బండికి?" అని అడిగింది ఆ తల్లి. "ఉంది, కానీ అదే పడాలి" అని చెప్పాను. ఆమె ఏడుపు ఆపి నా మొహం చూసింది. అంత జాలిగా నన్నెవరూ చూడలేదు.

దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించాను. మోచేతి దాకా కాలింది. నెల రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు.

పడొద్దన్నప్పుడు పడి, పడాల్సినప్పుడు పడని బ్రేకు ఎక్కడైనా ఉంటుందా? కొండల్ బండి కట్టి లాక్కొచ్చి మీ షెడ్డు ముందు వదిలాడు. ఏం చేశారో ఇప్పుడన్నా చెప్పండి.

వీరేందర్

తా.క.: ఈసారి తా.క. లేదు.


శంషాబాద్,
17 జులై

వీరేందర్ తమ్మికి,

మీ బాపుకు మాటిచ్చిన, చెప్పనని. ఇయ్యాల తప్పుతున్న. అల్లా మాఫ్ చెయ్యాలె.

డ్రైవింగ్ నేర్పే బండ్లకు ఎడమ దిక్కు ఇంకో బ్రేకు ఉంటది చూడు, నేర్పేటాయన కాలు కింద. అసొంటి పాత బండి ఒకటి నా షెడ్డు ఎనుక పడున్నది. నువ్వు మొదటిసారి బండి పెట్టిపోయిన దినం మీ బాపు దాన్ని చూసిండు. "ఆ పెడల్ నా కాళ్ల కాడ పెట్టు ఇనాయత్" అన్నడు. నోటితోని చెప్పరాదా అంటే, "బోర్డు పెట్టిండు గదా. ముప్పై ఒక్క ఏండ్లు ఆ బోర్డు కింద నడిపిన. రూల్ రూలే" అన్నడు. పెట్టిన. మీద గోనెపట్టా ఏసిన.

బ్రేకు అదే పడలే తమ్మీ. ప్రతిసారి మీ బాపు కాలు పడింది. విమానాలు చూడనీకె కాదు ఆయన అచ్చింది.

తప్పు నాదే ఎక్కువ. ఇంకొకల కాలు మీద బండి నడుస్తుంటే నీ కాలు ఎట్ల నేరుస్తది? గీ మాట ఆ దినమే ఆయనకు చెప్పాల్సింది. ముసలాయన మొహం చూసి చెప్పలేకపోయిన. చంద్రమ్మ ఇంటికి పోయి ఇదే మాట ఆమెకు కూడ చెప్పొచ్చిన.

నిన్న రెండు పెడల్‌లు పక్క పక్కకు పెట్టి చూసిన. ఆ దినం రెండింటికి కొత్త రబ్బర్లే ఏసిన. నీ పెడల్ రబ్బరు మీద గీతలు ఇంక కొత్తవాటి లెక్కనే ఉన్నయ్. బాపుది నెల దినాలకే అరిగి ఇనుము కనపడుతున్నది.

ఇనాయత్

తా.క.: ఎడమ పెడల్ తీసేసిన. స్టిక్కర్ కూడ పీకబోయిన గని చేతులు రాలే. అది అంటించినోడే తియ్యాలె.


షాద్‌నగర్,
24 జులై

ఇనాయత్ భాయ్‌కి, వీరేందర్ నమస్కారాలు.

స్టిక్కర్ పీకాను. జిగురు మరక పోవట్లేదు. మీ దగ్గర దానికేమైనా మందుందా?

స్టాండులో కొండల్‌ను, మిగతా డ్రైవర్లను నిలబెట్టి జరిగిందంతా చెప్పాను. అరగంట నవ్వారు. నవ్వడం అయిపోయాక కొండల్ రేపు తన బండి మీ షెడ్డుకే తెస్తానన్నాడు.

చంద్రమ్మ చెయ్యి మానేదాకా, డ్యూటీ అయ్యాక సాయంత్రాలు నేనే కంకులు కాలుస్తున్నాను. "ఒక దిక్కు మాడ్చినవ్, ఇంకో దిక్కు పచ్చిగుంది, నీ డ్రైవింగ్ లెక్కనే" అంటోంది. నేను ఇంకో కంకి తీసి పొయ్యి మీద పెడుతున్నాను.

బాపును బండెక్కమని మూడు రోజులు బతిమిలాడాను. "నేను పక్కన కూసుంటే నువ్వు నేర్వవు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

ఆ అరిగిన రబ్బరు పారెయ్యకండి. తాళాలకు కట్టుకుంటాను.

ఇట్లు,
వీరేందర్

తా.క.: ఇయ్యాల సెలవు పెట్టి బాపుతో శంషాబాద్ దాకా బస్సులో పోయి వచ్చాను. డ్రైవర్ వెనక సీటు. పాలమాకుల దాటాక ఒక లారీ అడ్డమొచ్చింది. ఎందుకో కిందికి చూశాను. బాపు కుడికాలు చెప్పు విడిచి, బస్సు నేల మీద, ఏమీ లేని చోట, మెల్లగా నొక్కుతోంది. లారీ పక్కకు పోయింది. కాలు లేచింది. తప్పయింది బాపు అని అప్పుడే చెప్పాలనిపించింది. ఎదురుగా బోర్డు కనపడింది. దిగేదాకా ఆగాను.