రన్‌వే మీద బోటు

మంగళవారం, రాత్రి

సాయంత్రం అక్క వచ్చి, "మీ బావ బోటు ఎక్కడుందో సూడరా" అంది. బావ వేటకెళ్లి రెండు రోజులైంది. బోట్ల జాడ చూపే యాప్ తెరిస్తే బోటు ఎయిర్‌పోర్టు రన్‌వే మీద ఉంది! నవ్వొచ్చింది. దొంగ సిగ్నళ్లతో జీపీఎస్‌ను ఏమారిస్తే ఓడలు ఇలాగే నేల మీద కనిపిస్తాయని మొన్ననే చదివాను. అక్కకు హుషారుగా వివరించాను.

ఆమె నవ్వలేదు. "మరి బోటులో మీ బావకీ ఇలాగే సూపిత్తాదేటిరా?"

ఆ జీపీఎస్ బిగించింది నేనే. "ఇదుండగా ఇంకా ఆ పాత కంపాస్ ఏటి బావా" అని వెక్కిరించి, దాన్ని ఒడ్డునే వదిలేయించిందీ నేనే.

వైర్‌లెస్‌లో బావ ఇంకా పలకలేదు. మబ్బు కమ్మింది, దారి చూసుకోవడానికి ఆకాశంలో ఒక్క చుక్కా లేదు. కంపాస్ నా టేబుల్ మీదే ఉంది. ఇంట్లో కూర్చున్న నాకు ఉత్తరం చూపిస్తోంది.