ఎండ తగలని తొట్టె

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ తెల్లచీరలకు గులాబీరంగు పట్టించిన మన మలంచా పేటలోని అద్దకం షెడ్డు కాలువకి ఇన్నాళ్ళకి మోక్షం వచ్చింది. నీళ్ళు శుభ్రం చేసే తొట్టె కట్టారు. అందులో తెల్లపొడి పూసిన గాజుపలకలున్నాయి. ఎండ తగిలితే ఆ పొడి నీళ్ళలోని రంగునీ విషాన్నీ విరగ్గొట్టేస్తుందట. ఖరగ్‌పూర్‌లో ఎండకేం కరువు?

ప్రారంభోత్సవానికొచ్చే పెద్దమనిషి తల మాడుతుందని తొట్టె మీద రేకుల కప్పు వేశారు. ఆయన రిబ్బను కత్తిరించి, రసగుల్లా తిని వెళ్ళిపోయాడు. కప్పు మాత్రం ఉండిపోయింది. నీళ్ళు ఎంత ఎర్రగా లోపలికెళ్తున్నాయో అంత ఎర్రగానూ బయటికొస్తున్నాయి. నీ వడియాల మీద మా నీడ పడినా తిట్టేదానివి. అంతంత చదువులు చదివిన ఈ మహానుభావులు వడియాలను నీడలో ఎండబెట్టారు!

ఇవాళ కాపలా ఉండే అప్పారావుని అడిగాను.

"రేకులు తీసీరాదేటి దాదా? ఎండ తగలాలి గదా!"

"నానూ సెప్పినాను దీదీ. కప్పు మీద పెద్దసారు పేరు రాసినారు. తియ్యకూడదంట."

రోడ్డు మీదికొచ్చి తలెత్తి చూశాను. మిట్టమధ్యాహ్నపు ఎండంతా ఆ పేరు మీదే పడుతోంది.