ఒక్కొక్కటిగా నింపే పాత ప్రెస్సు

నాన్నా,

ఖాళీ గుల్లల్లో తుపాకి మందు పోసి తూటాలు నింపే ఆ కొత్త ప్రెస్సును బల్లకి బిగించకు. పెట్టెలోనే ఉండనీ, సోమవారం కొట్లో తిరిగిచ్చేస్తాను. జింక మాంసం కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తిను.

గంటకి నాలుగొందల తూటాలు నింపుతుందని చదివి దాన్ని ఎంచుకున్నాను. ఏడాదికి ఒక్క ఎల్క్ జింక వేటకి మనకి కావలసినవి ఇరవయ్యే. మన ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని కదా, నిన్ను అడగడమెందుకనుకున్నాను. పైగా చోటు చాలదని నీ పాత ప్రెస్సును పక్క పశువుల ర్యాంచి ఆర్డెల్ మామయ్యకి అమ్మేశాను.

నువ్వు కోప్పడలేదు. "తొందరుంటే కొట్లో తూటాలే కొనుక్కునేవాళ్ళం కదే, పిల్లా" అన్నావు, అంతే. పొద్దున కొత్తదాని పుస్తకం చదివితే తెలిసింది. అందులో గుల్లలు వాటంతటవే తిరుగుతూ నిండిపోతాయి, ఎవరూ పక్కన కూర్చోనక్కర్లేదు.

నా ఎనిమిదో ఏటి నుంచీ నువ్వు ఒక్కో గుల్లలో మందు పోస్తే, నేను టార్చి వేసి లోపలికి చూసి "సరిపోయింది" అనేదాన్ని. నేను అనందే నువ్వు గుల్ల మీద గుండు బిగించేవాడివి కాదు. ఆ పనిని నా చేతులతో నేనే అమ్ముకున్నాను.

ఆర్డెల్ మామయ్య దగ్గరికే వెళ్తున్నాను. ఫోన్ చేస్తే, "అమ్మినదాన్ని మళ్ళీ అడగమని కాలేజీలో నేర్పారా?" అన్నాడు. ఇస్తాడో ఇవ్వడో. అతని బల్ల నుంచి ప్రెస్సు విప్పడానికి రెంచి మాత్రం పట్టుకెళ్తున్నాను.

లొరీన్

టార్చిలో బ్యాటరీలు మార్చాను. గుల్లలు తుడిచి ఉంచు. నేనొచ్చేదాకా మందు డబ్బా మూత తీయకు.